ఒక పాట, ముగ్గురు డ్రమ్మర్లు
(కొత్తగా బ్యాండు పెట్టుకున్న కుర్రాళ్లు, రికార్డింగు నేర్చుకునేవాళ్లు ఉన్న సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ముందు రెండు ముక్కలు వినిపిస్తాను. పేరు చెప్పను, ఊరు చెప్పను. వినండి.

[రెండు రికార్డింగులు, ఒక్కొక్కటి అర నిమిషం చొప్పున వినిపించారు.]

రెండూ ఒకటే పాట. పాడినవాళ్లూ వాళ్లే, స్టూడియో కూడా అదే. మధ్యలో తేడా ఏడు రోజులు. ఒకటి 1962 సెప్టెంబర్ 4న, రెండోది సెప్టెంబర్ 11న. రెండోదాంట్లో గలగలమని ఒక చప్పుడు వినపడింది కదా? అది టాంబురిన్, మన కంజిరకు దూరపు చుట్టం. మొదటిదాంట్లో అది లేదు. ఈ గుర్తు పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

పాట పేరు ‘లవ్ మీ డూ’. బీటిల్స్ తొలి సింగిల్, అంటే రెండు వైపులా ఒక్కో పాట ఉండే చిన్న రికార్డు. పార్లోఫోన్ లేబుల్, నంబర్ ఆర్ 4949, విడుదల 1962 అక్టోబర్ 5. వెనకవైపు పాట ‘పి.ఎస్. ఐ లవ్ యూ’. బ్రిటన్‌లో ఇది ఎక్కిన పైమెట్టు 17వ స్థానం. అంతే. ఆ తర్వాత వచ్చిన సునామీని మనసులో పెట్టుకుని ఈ పాట వింటే ఏమీ అర్థం కాదు. ఆ రోజు వీళ్లు లివర్‌పూల్ నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్లు, జనవరి 1న ఆడిషన్ తీసుకున్న డెక్కా రికార్డు కంపెనీ తర్వాత వద్దనేసింది. పార్లోఫోన్ లేబుల్ నడిపే ఇ.ఎం.ఐ. అనే రికార్డు కంపెనీ వాళ్లతో కుదిరిన ఒప్పందం ఎలాంటిదో చెబితే నవ్వుతారు: ఒక రికార్డుకు ఒక పెన్నీ. అదీ అమ్మకంలో 85 శాతం మీదే. వెయ్యి రికార్డులు పోతే 850 పెన్నీలు. అప్పట్లో పౌండుకు 240 పెన్నీలు కనుక మూడున్నర పౌండ్లు, పైన కాస్త చిల్లర. నలుగురు పంచుకోవాలి, మేనేజరు వాటా వేరు.

వీళ్ల ప్రతిభ గురించి, జుట్టు గురించి, అమ్మాయిల కేకల గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను వాటి జోలికి పోను. ఈ రెండు నిమిషాల ఇరవై సెకన్ల పాటలో స్టేజీ మీద ఉన్నదానికీ రికార్డులో ఉన్నదానికీ చాలా తేడాలు వచ్చాయి. ప్రతి తేడా వెనకా చేత్తో పట్టుకుని చూపించదగిన కారణం ఒకటి ఉంది. స్పీకరు, ఊపిరి, డ్రమ్ము మీద పడే కాలు, గాడిలో నడిచే సూది. మీరు రేపు మీ మొదటి పాట చేసుకునేటప్పుడు మిమ్మల్ని ఇబ్బంది పెట్టేవి కూడా ఇవే.

జూన్ 6 దగ్గర మొదలుపెడదాం. లండన్‌లో ఆబీ రోడ్డు, ఇ.ఎం.ఐ. స్టూడియోలు. నాలుగు పాటలు రికార్డు చేశారు, అందులో ఇది ఒకటి. డ్రమ్స్ మీద పీట్ బెస్ట్. ఇంజినీరు నార్మన్ స్మిత్. ఇంకా పాట దాకా పోకుండానే గొడవ మొదలైంది. పాల్ మెకార్ట్నీ బేస్ గిటార్ వాయిస్తుంటే అతని యాంప్లిఫయరు, స్పీకరు గరగరమంటున్నాయి. క్లబ్బులో ఆ గరగర ఎవరికీ వినపడదు. జనం అరుపులు, గిటార్లు, సిగరెట్ పొగ, అన్నీ కలిసి దాన్ని కప్పేస్తాయి. నిశ్శబ్దంగా ఉండే గదిలో మంచి మైకు ముందు పెట్టేసరికి సంగీతం కంటే గరగరే ముందు వినిపిస్తుంది.

స్మిత్, సాంకేతిక విభాగంలో ఉండే కెన్ టౌన్సెండ్ కలిసి ఏం చేశారంటే, ప్రతిధ్వని గదిలో ఉన్న టానాయ్ స్పీకరును పీకి తెచ్చి, దానికి లీక్ టి.ఎల్.12 యాంప్లిఫయరు తగిలించి, అప్పటికప్పుడు ఒక బేస్ సెట్టు తయారుచేశారు. గిటార్ వాయించే జాన్ లెనన్ యాంప్లిఫయరు కూడా ఊగిసలాడుతుంటే తాడుతో కట్టారు. ప్రపంచ ప్రసిద్ధ స్టూడియోలో తాడు! దీన్ని ఎందుకింత వివరంగా చెబుతున్నానంటే, చాలామంది కుర్రాళ్లు స్టూడియోకు వెళ్లేముందు పాటను సాధన చేస్తారు గానీ సామానును పరీక్షించరు. ఒక పని చేయండి. గదిలో ఫ్యాను ఆపేయండి. బేస్ గిటార్‌లో కింది తీగ మొదలుకుని ఒక్కో స్వరమే నాలుగు సెకన్ల చొప్పున మోగించండి. ఎక్కడో ఒక స్వరం దగ్గర స్పీకరు పెట్టె మరలో, వైరో, జాలీయో జర్రుమంటుంది. ఆ స్వరం మీ పాటలో ఉందంటే స్టూడియోలో గంట పోయినట్టే.

ఇప్పుడు ఊపిరి సంగతి. ఈ పాటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన జాగా ఇది.

పాట నడక చాలా సులువు. జి, సి, ఈ రెండు కార్డుల (కలిపి మీటే స్వరాల గుంపుల) మీదే చరణం అంతా నడుస్తుంది, మధ్య భాగంలో డి వచ్చి చేరుతుంది. మొదట్లో లెనన్ హార్మోనికా, అంటే మన మౌతార్గాన్. చరణంలో లెనన్, మెకార్ట్నీ ఇద్దరూ కలిసి పాడతారు, రెండు స్వరాలు జంటగా. చివర్లో ‘ప్లీజ్’ అనే మాటను బాగా సాగదీసి ఆపుతారు. వాద్యాలన్నీ ఆగుతాయి. ఆ ఖాళీలో ఒక్క గొంతు పాట పేరును కిందిస్థాయిలో పలుకుతుంది, వెంటనే హార్మోనికా అందుకుంటుంది. స్టేజీ మీద ఆ ఒక్క గొంతు లెనన్‌ది. అంటే ‘డూ’ అని పలికిన నోరే, అదే క్షణంలో, హార్మోనికా ఊదాలి.

లెక్క వేసుకోండి. పాట వేగం నిమిషానికి సుమారు 148 దెబ్బలు. ఒక దెబ్బకు 0.4 సెకను. అంత సేపట్లో మాట ముగించాలి, పెదవులు మార్చాలి, రంధ్రం వెతుక్కోవాలి, ఊపిరి సర్దుకోవాలి. కుదరదు. ఏదో ఒకటి తెగుతుంది. ‘డూ’ను మింగేస్తే పాట పేరే పోతుంది, హార్మోనికాను ఆలస్యం చేస్తే పాట నడుం విరుగుతుంది. క్లబ్బులో అయితే రెండూ కాస్త కాస్త మింగి నెట్టుకొచ్చేయొచ్చు. రికార్డు మీద అలా కాదు, కొన్నవాడు ఆ తప్పును నూరుసార్లు వింటాడు.

నిర్మాత జార్జ్ మార్టిన్ తేల్చింది ఒక్క ముక్కలో: ఆ మాట పాల్ పాడతాడు, జాన్ ఊదుకుంటాడు. పాల్‌కు అది ముందుగా తెలియదు. వాద్యాలన్నీ ఆగిపోయి తన గొంతు ఒక్కటే బయటపడే చోటు తన నెత్తిన పడింది. రికార్డులో ఆ చోట తన గొంతులో వణుకు ఇప్పటికీ వినిపిస్తుందని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. మొదటి చరణం చివర వింటాం, చూడండి.

[ఆ చోటు రెండుసార్లు వినిపించారు.]

విన్నారా, ‘డూ’ ఇంకా పూర్తికాకముందే హార్మోనికా వచ్చేసింది. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. పాట ఆగినట్టే ఆగి, ఆగకుండా సాగడానికి కారణం ఆ అంచు. ఒక్క మనిషి చేస్తే ఈ అంచు రాదు. ఈ రోజుల్లో హార్మోనికా వేరే ట్రాకులో తర్వాత పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకోవచ్చు. మర్నాడు స్టేజీ మీద ఎవరు ఊదుతారు? మీ పాటలో పాడేవాడే వాయించే చోట్లన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. పాట మాట చివరి అక్షరానికీ వాద్యం మొదటి స్వరానికీ మధ్య అర సెకను కూడా లేకపోతే, ఆ మాట పక్కవాడికి ఇచ్చేయండి. అహం కొంచెం నొచ్చుకుంటుంది, పాట బాగుపడుతుంది.

ఇక డ్రమ్స్. దీనిమీద అభిమానులు అరవై ఏళ్లుగా కొట్టుకుంటున్నారు. ఎవరు గొప్ప, ఎవరికి అన్యాయం జరిగింది అని. అసలు విషయం పౌరుషాలది కాదు, తరంగాలది.

బేస్ గిటార్‌లో కింది జి స్వరం 49 హెర్ట్జ్, అంటే సెకనుకు 49 కంపనాలు. కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము, అంటే కిక్ డ్రమ్ము, దాని బలమంతా కూడా దాదాపు ఆ చుట్టుపక్కలే, 50 నుంచి 100 హెర్ట్జ్ లోపల ఉంటుంది. ఒకే ఇంట్లో ఇద్దరు అద్దెకున్నట్టు. పైగా ఈ రికార్డు మోనో. ఒకటి ఎడమకు, ఒకటి కుడికి తోసి విడదీసే వీలు లేదు. అన్నీ ఒకే స్పీకరు గుండా ఒకే దారిన రావాలి. ఇద్దరూ ఒకే క్షణంలో అడుగు వేస్తే ఒక్కటే బలమైన అడుగు వినిపిస్తుంది. ఒకరు ముందు, ఒకరు వెనక అయితే? పది మిల్లీ సెకన్ల తేడా చెవి పట్టించుకోదు. ముప్పై దాటితే రెండు దెబ్బలుగా విడిపోతుంది, కింది శబ్దమంతా బురద అవుతుంది. ముప్పై మిల్లీ సెకన్లంటే ఈ పాటలో ఒక దెబ్బలో పదమూడో వంతు. క్లబ్బులో ఎవడూ కనిపెట్టలేడు. టేపు మీద మాత్రం దాక్కోలేదు.

పీట్ బెస్ట్ వాయించిన జూన్ రికార్డింగు 1995లో ‘ఆంథాలజీ 1’ అనే ఆల్బమ్‌లో బయటికి వచ్చింది, తప్పక వినండి. మధ్య భాగం రాగానే దరువు మారిపోతుంది, నడక ఒక్కసారిగా తుళ్లుతుంది. స్టేజీ మీద జనాన్ని ఊపడానికి అది మంచి ఎత్తే. రికార్డులో అది తాళం తప్పినట్టు ఉంటుంది. అంటే అతనికి వాయించడం రాదని కాదు. క్లబ్బుకు వాయించాడు, టేపుకు కాదు. ఆగస్టు 16న అతన్ని తీసేశారు. దానికి వేరే కారణాలు కూడా చెబుతారు, అవన్నీ నాకు ఇక్కడ అక్కర్లేదు.

సెప్టెంబర్ 4న రింగో స్టార్ కూర్చున్నాడు. బృందంలో చేరి మూడు వారాలు కూడా కాలేదు. సాయంత్రం ఏడు నుంచి పది, మూడు గంటలు. అప్పటి ఆనవాయితీ ప్రకారం ఒక సెషన్ అంటే అదే. ఈ పాట ఒక్కటే కాదు, మిచ్ మరే రాసిన ‘హౌ డూ యూ డూ ఇట్’ అనే పాట కూడా రికార్డు చేశారు. మార్టిన్‌కు అదే హిట్ అవుతుందని నమ్మకం. కుర్రాళ్లకు సొంత పాటే కావాలి. కుర్రాళ్ల మాటే నెగ్గింది. కానీ మార్టిన్ అంచనా తప్పు కాదు. అదే పాటను 1963లో లివర్‌పూల్‌కే చెందిన జెర్రీ అండ్ ది పేస్‌మేకర్స్ పాడితే బ్రిటన్‌లో ఒకటో స్థానానికి ఎక్కింది. దీన్నుంచి నీతి తీయమంటే నేను తీయను. ఎవరికి వాళ్లే ఆలోచించుకోండి.

ఆ రోజు ‘లవ్ మీ డూ’ వాద్యాల వరస ఒక కొలిక్కి రావడానికే పదిహేను దాకా టేకులు పట్టాయి. అయినా తృప్తి లేదు. సరిగ్గా వారానికి, సెప్టెంబర్ 11న, మళ్లీ పిలిచారు. ఈసారి సెషన్ నడిపింది మార్టిన్ సహాయకుడు రాన్ రిచర్డ్స్. రింగో వచ్చి చూస్తే డ్రమ్స్ దగ్గర వేరే మనిషి ఉన్నాడు. ఆండీ వైట్, స్టూడియోల్లో రోజుకూలీకి వాయించే అనుభవజ్ఞుడు. ‘పి.ఎస్. ఐ లవ్ యూ’ పది టేకుల్లో అయిపోయింది, అందులో రింగో చేతికి మరాకాలు ఇచ్చారు. గింజలు నింపిన బుర్రల్లాంటివి. ‘లవ్ మీ డూ’కు 18 టేకులు. ఇందులో రింగోకు టాంబురిన్. పాపం, ఆ గలగల అతనిదే.

స్టూడియో డ్రమ్మరు చేసిన తేడా ఏమిటి? ప్రతి ఆవర్తంలోనూ కిక్ డ్రమ్మును బేస్ గిటార్ స్వరంతో కట్టేశాడు. అలంకారం లేదు. గోడ కట్టేటప్పుడు మేస్త్రీ తూకం గుండు వదిలినట్టు. అదే సమయంలో టాంబురిన్ స్నేర్ డ్రమ్ముతో (కర్రలతో కొట్టే చిన్న డ్రమ్ముతో) కలిసి పడుతూ పై శబ్దాలను నింపింది. చిన్న రేడియోల్లో, పోర్టబుల్ ప్లేయర్లలో 100 హెర్ట్జ్ కింద ఏమీ వినపడదు కదా, అలాంటి చోట తాళాన్ని మోసేది ఈ గలగలే. తెలివైన పని.

ఇంత చేసి చివరికి సింగిల్‌గా అచ్చు వేసింది ఏది? సెప్టెంబర్ 4 నాటి రింగో రికార్డింగే! ఆండీ వైట్‌ది 1963 మార్చి 22న వచ్చిన మొదటి ఆల్బమ్‌లోకి వెళ్లింది. ఆ తర్వాత సింగిల్ మీద కూడా అదే వేశారు.

ఇప్పుడు సూది. టేపు మీద ఉన్నది రికార్డు మీదికి ఎలా వెళ్తుంది? అల్యూమినియం పళ్లెం మీద లాకర్ అనే మెత్తటి పూత పూసి, అది తిరుగుతుంటే సూదితో గాడి కోస్తారు. దాని మీద వెండి పూత, పైన నికెల్ పోత. విడదీస్తే గాడి తిరగబడిన అచ్చు, దాన్నుంచి తల్లి అచ్చు, తల్లి నుంచి వినైల్‌ను నొక్కే ముద్ర. ఇ.ఎం.ఐ. ఫ్యాక్టరీ లండన్ పక్కన హేస్‌లో ఉండేది.

చిక్కు ఎక్కడంటే, గాడిలో శబ్దం పక్కకు ఊగే కదలికగా ఉంటుంది. కదలిక వేగం సమానమైతే, ఫ్రీక్వెన్సీ ఎంత తగ్గితే ఊపు అంత పెరుగుతుంది. 1000 హెర్ట్జ్ కంటే 50 హెర్ట్జ్ ఊపు ఇరవై రెట్లు. అలాగే కోస్తే గాడి పక్క గాడిలోకి దూకుతుంది, చవక ప్లేయర్లలో సూది ఎగిరిపోతుంది. అందుకని కోసేటప్పుడు కింది శబ్దాలను తగ్గించి, పై శబ్దాలను పెంచి కోస్తారు. వాయించేటప్పుడు యాంప్లిఫయరు దాన్ని తిరగేస్తుంది. దీనికి ఆర్.ఐ.ఎ.ఎ. వంపు అని పేరు. ఒక వెయ్యి హెర్ట్జ్ దగ్గర సున్నా అనుకుంటే, 20 హెర్ట్జ్ దగ్గర సుమారు 20 డెసిబెళ్లు తక్కువ, 20 వేల హెర్ట్జ్ దగ్గర అంతే ఎక్కువ. ఇది చేశాక కూడా ఇ.ఎం.ఐ. వాళ్లు బేస్ విషయంలో పిసినారులే. సూది ఎగిరితే దుకాణాలు రికార్డులు వెనక్కి పంపుతాయన్న భయం వాళ్లది. అలాంటప్పుడు ఉన్న కొద్దిపాటి బేస్ కూడా కిక్ డ్రమ్ముతో పేచీ పడితే మిగిలేది ఏముంది? సెప్టెంబర్ 11 సెషన్ ఎందుకు పెట్టారో ఇప్పుడు తెలుస్తుంది.

ఇంకొకటి. నిమిషానికి 45 చుట్ల వేగంతో తిరిగే ఏడంగుళాల రికార్డులో అంచున గాడి సెకనుకు దాదాపు 40 సెంటీమీటర్లు నడుస్తుంది, లోపలికి వచ్చేసరికి 25కు పడిపోతుంది. లోపలికి పోయేకొద్దీ చోటు ఇరుకు, హార్మోనికా లాంటి పదునైన శబ్దాలు చెదురుతాయి. రెండు నిమిషాల పాట అయితే ఆ లోతుకు పోయే అవసరమే రాదు. ఆ రోజుల్లో సింగిళ్లు పొట్టిగా ఉండడానికి రేడియో ఒక్కటే కారణం కాదన్నమాట.

మన దేశపు ముచ్చట ఒకటి చెప్పాలి. ఇక్కడ ఇ.ఎం.ఐ. తరఫున రికార్డులు ఒత్తింది కలకత్తా డండంలోని గ్రామఫోన్ కంపెనీ. అప్పుడు మద్రాసులో రికార్డయిన మన తెలుగు సినిమా పాటలూ ఆ కంపెనీ నుంచే వచ్చేవి. కరెంటు లేని ఇళ్లలో చేతిపిడితో తిప్పే గ్రామఫోన్లు ఇంకా ఉండేవి కనుక, ఇంగ్లండులో 78 వేగపు రికార్డులు ఆగిపోయాక కూడా ఇక్కడ బీటిల్స్ పాటలను 78 మీద ఒత్తారు. ప్రపంచమంతటా సేకర్తలు వాటికోసం వెతుకుతుంటారు. ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే పారేయకండి.

సేకర్తల మాట వచ్చింది కనుక గుర్తులు చెబుతాను. టాంబురిన్ లేకపోతే రింగో, ఉంటే ఆండీ వైట్. మధ్య భాగంలో నడక తుళ్లితే పీట్ బెస్ట్. తొలి ముద్రణకు ఎర్ర లేబుల్. గాడి అయిపోయాక లేబుల్ పక్కన ఉండే నున్నటి జాగాలో 7ఎక్స్‌సీఈ 17144 అని చెక్కి ఉంటుంది. కానీ 1982లో ఇరవై ఏళ్లకు మళ్లీ విడుదల చేసినప్పుడు కూడా ఎర్ర లేబులే పెట్టారు, కాబట్టి రంగు చూసి డబ్బు తీయకండి, చెవి పెట్టి వినండి. విడుదలకు ముందు రేడియోలకు, పత్రికలకు పంపిన ప్రచార ప్రతులు 250. వాటి మీద మెకార్ట్నీ ఇంటిపేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. తొలి సింగిల్ మీద రాసినవాడి పేరే తప్పు! మీ పాట అప్‌లోడ్ చేసేముందు పేర్లు ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

రింగో రికార్డింగు అసలు టేపు మిగల్లేదు. తర్వాత ఆల్బమ్‌లలో వేయడానికి శుభ్రంగా ఉన్న పాత రికార్డు నుంచే నకలు తీసుకున్నారు. ఒక్క నకలు అయినా వేరేచోట దాచుకోవాలని వేరే చెప్పాలా?

[సభలోంచి ప్రశ్న: సార్, మా బ్యాండులో కిక్, బేస్ కలుస్తున్నాయో లేదో ఎలా తెలుసుకోవాలి? చెవిలో తాళం కొట్టే క్లిక్ చప్పుడు పెట్టుకుంటే సరిపోతుందా?]

క్లిక్ పెట్టినా ఇద్దరూ క్లిక్‌తో కలుస్తారు గానీ ఒకరితో ఒకరు కలవకపోవచ్చు. ఒకడు ఎప్పుడూ ముందుంటాడు, ఒకడు వెనకుంటాడు. మిగతావాళ్లను టీకి పంపించేయండి. బేస్, కిక్ మాత్రమే, చరణం ఒక్కటే, పది నిమిషాలు వాయించండి. బేస్ గిటార్‌ను వైరుతో నేరుగా కలిపి, కిక్‌కు దగ్గరగా ఒక మైకు పెట్టి, రెండు ట్రాకులుగా రికార్డు చేయండి. కంప్యూటరులో పెద్దదిగా చేసి చూస్తే రెండు అలలు ఎక్కడ లేస్తున్నాయో కనిపిస్తుంది. ఇరవై మిల్లీ సెకన్ల లోపు ఉంటే వదిలేయండి. ముప్పై దాటిన చోట్లు లెక్కపెట్టండి. అవి ఎక్కడ పడితే అక్కడ ఉంటే సాధన చాలదని అర్థం. ఎప్పుడూ ఒకే చోట, అంటే చరణం మారేచోటో, ఫిల్ (మధ్యలో డ్రమ్మరు వేసే చిన్న ముక్తాయింపు) తర్వాతో వస్తుంటే, అక్కడ ఏదో ఒకరి వాయిద్యం ఎక్కువైంది. స్వరాలు తగ్గించండి. మౌసుతో జరిపి సరిచేయడం చివరి మార్గం, ఎందుకంటే స్నేర్ మైకులో కూడా ఆ కిక్ వినపడుతుంది, దాన్ని జరపలేరు.

[మరో ప్రశ్న: మీకు మూడింట్లో ఏది ఇష్టం?]

ఆండీ వైట్‌ది సరైనది. నేను ఇంట్లో పెట్టుకునేది రింగోది. మధ్య భాగం నుంచి చరణానికి దిగేచోట అతను ఒక వెంట్రుక వాసి వెనక పడతాడు, అందుకు ఆ చరణం నడుస్తున్నట్టు ఉంటుంది. వైట్‌దాంట్లో అది కవాతు. ఇంకోసారి వేయండి, మధ్య భాగం నుంచి.

[రికార్డు వినిపించారు.]